నాన్నగా గట్టి మనిషి, తాతగా మెత్తని మనిషి: ఆయన్ని ఎలా రాసుకోవాలి?

హేమంతం

అందరికీ నమస్కారం. మా నాన్న పోయి కొన్ని నెలలైంది. ఇంట్లో తలా కొన్ని పేజీలు రాసి, ఫోటోలు కలిపి, మాకోసమే ఒక చిన్న పుస్తకం వేయించుకుందామని అనుకున్నాం. కూర్చే పని నా మీద పడింది. అందరివీ వచ్చాక ఒకచోట పెట్టి చదివితే చిక్కు బయటపడింది. మేం పిల్లలం రాసిన మనిషి ఒకరు, మా పిల్లలు రాసిన మనిషి ఇంకొకరు. పేరు తీసేస్తే ఇద్దరూ ఒకరేనని ఎవరూ నమ్మరు.

నాన్నది లేత్ పని, మిషన్ మీద ఇనుమును తిప్పి కోసి, కొలతకు భాగాలు తయారుచేయడం. సొంత షెడ్డు, చేతి కింద కొందరు పనివాళ్ళు. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా చేసిన ఆ భాగాన్ని పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టమనేవారు. ఇంట్లోనూ అదే పద్ధతి. సెలవుల్లో అన్నయ్యను షెడ్డుకు తీసుకెళ్ళి, వైస్‌లో ఇనుప దిమ్మ బిగించి, ఆకురాయి చేతికిచ్చేవారు. మిషన్ ముట్టుకోవాలంటే ముందు ఆ దిమ్మ ముఖాన్ని చేత్తో చదును చెయ్యాలి. అయిందని చెబితే మూలమట్టం, అంటే చదును చూసే ఇనుప కొలబద్ద, ఆనించి వెలుతురుకు ఎత్తి చూసేవారు. సందులోంచి సన్నటి వెలుగు కనిపించిందా, మాట ఉండదు, దిమ్మ మళ్ళీ వైస్‌లోకి వెళ్తుంది. ఒకరోజు పనివాళ్ళందరి ముందూ "నీ చేతుల్లో పని లేదురా" అనేశారు. అన్నయ్య ఆ తర్వాత షెడ్డు గడప తొక్కలేదు. వేరే చదువు చదివి వేరే ఉద్యోగంలో స్థిరపడ్డాడు.

ఆ మనిషే, తన దగ్గర పని నేర్చుకుని సొంతంగా మిషన్ పెట్టుకుంటామన్న కుర్రాళ్ళకు బ్యాంకులో హామీ సంతకాలు పెట్టారట. మాకు తెలీదు. ఆయన పోయాక పలకరించడానికి వచ్చినవాళ్ళు చెబితే విన్నాం. వాళ్ళలో ఒకాయన, పని దొరకని రోజుల్లో తన కిస్తీలు కొన్ని నాన్నే కట్టారనీ, ఎక్కడైనా నోరు జారితే ఊరుకోనని బెదిరించారనీ చెబుతూ ఏడ్చేశారు.

ఇక మనవడి సంగతి. నాన్న పని మానేశాక ఒక వైస్ ఇంటికి తెచ్చుకున్నారు. అన్నయ్య కొడుకు అక్కడే ఒక దిమ్మను ఆకురాయితో అరగదీశాడు. మూలమట్టం అక్కర్లేకుండానే వంకర కనిపిస్తోంది. నాన్న దాన్ని వేళ్ళతో తడిమి "బాగా వచ్చిందిరా" అన్నారు. అన్నయ్య అక్కడే ఉన్నాడు. లేచి బయటికి వెళ్ళిపోయాడు.

అన్నయ్య పేజీల్లో ఈ రెండూ ఉన్నాయి. వాడి కొడుకు పేజీలో కూడా ఆ "బాగా వచ్చిందిరా" ఉంది, తనకు దక్కిన గొప్ప మెప్పుగా. ఏం చెయ్యను? అన్నయ్య రాసినవి తీసేస్తే పుస్తకం అబద్ధమవుతుంది. ఉంచితే పిల్లల మనసులో తాతయ్య ఏమవుతారోనని టెన్షన్. ఇలాంటి మనుషుల మధ్య పెరిగినవాళ్ళు చెప్పండి.

కొండవాగు

హేమంతం గారూ, మీ నాన్నగారు నాకు తెలిసిన మనిషిలాగే అనిపించారు. మా నాన్న హెడ్మాస్టరు. బడి వరండాలో ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే పిల్లలే కాదు, టీచర్లు కూడా సర్దుకునేవారు. మేం అదే బడిలో చదివాం కాబట్టి మాకు రెండింతల భయం.

కొందరు పిల్లల్ని ఆయన ప్రత్యేకంగా పట్టుకుని తిట్టేవారు. చేతిరాత బాగాలేదని, గోళ్ళు తీసుకోలేదని, ఏదో ఒకటి. ఆ పిల్లల మీద ఆయనకు కక్ష అనుకునేవాళ్ళం. చాలా ఏళ్ళ తర్వాత బడి గుమస్తాగారు అమ్మతో చెప్పారు, ఆ పిల్లల ఫీజులు కట్టింది నాన్నేనట. వాళ్ళను మెత్తగా చూస్తే తోటివాళ్ళకు అనుమానం వస్తుందని, దయ పుచ్చుకున్న పిల్లాడనే ముద్ర పడుతుందని, అందరికంటే గట్టిగా మందలించేవారట. ఆ పిల్లలకు కూడా తెలియకుండా జరిగిన సంగతి ఇది.

ఇది విన్నాక నాన్న నాకు కొత్తగా కనిపించారు. కానీ ఒక మాట. ఆ పిల్లల్లో ఎవరికైనా ఆ తిట్లే గుర్తుండి, ఫీజు సంగతి ఎప్పటికీ తెలియకపోతే? వాళ్ళ జ్ఞాపకంలో నాన్న ఒక కోపిష్టి మాత్రమే. అందుకే తెలిసినవాళ్ళం రాసి పెట్టాలి. మీ నాన్నగారి హామీ సంతకాల సంగతి పుస్తకంలో మొదట్లోనే పెట్టండి.

మెరుపుతీగ

నేను కాస్త ఎదురు మాట్లాడతాను, ఎవరూ నొచ్చుకోకండి.

బయటివాళ్ళకు దాత, ఇంట్లోవాళ్ళకు దడ. మా నాన్న ఇదే కోవ. ఎవరికి కష్టమొచ్చినా అర్ధరాత్రి లేచి వెళ్ళేవారు. ఇంట్లో మాత్రం అమ్మ ఏదైనా అడగడానికి ఆయన ముఖం చూసి, అనువైన రోజు కోసం ఎదురుచూసేది. బయట పంచిన డబ్బుకు లెక్కలేదు, మాకు చెప్పులు కొనడానికి సవాలక్ష ప్రశ్నలు. ఆయన పోయినప్పుడు వచ్చిన జనాన్ని చూసి బంధువులు "ఎంత అదృష్టవంతులమ్మా మీరు" అన్నారు. నాకు ఆ మాట మింగుడు పడలేదు.

ఆయన మంచితనం నిజమే, దాన్ని కాదనను. కానీ "కఠినంగా ఉన్నా లోపల ప్రేమే" అన్న ఒక్క ముక్కతో పిల్లల బాధను మూసేయడం నాకు ఒప్పుదల కాదు. ప్రేమ ఉండొచ్చు. అది పిల్లవాడి దాకా చేరిందా లేదా అన్నది వేరే ప్రశ్న. "నీ చేతుల్లో పని లేదురా" అన్న మాట మీ అన్నయ్య దాకా చేరింది. హామీ సంతకాలు చేరలేదు. హేమంతం గారూ, మీరు ఎవరి పేజీ తీసినా తీయకపోయినా, మీ అన్నయ్యది మాత్రం అక్షరం కూడా తీయకండి.

శ్రోత

ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ళతో మాట్లాడటం నా వృత్తి. కొండవాగు గారి మాట, మెరుపుతీగ గారి మాట రెండూ నాకు సరిగానే అనిపిస్తున్నాయి. ఎందుకో చెబుతాను.

పిల్లల పెంపకం మీద మనస్తత్వవేత్త డయానా బామ్‌రిండ్ 1960ల్లో చేసిన పరిశోధన చాలామంది విని ఉంటారు. తల్లిదండ్రుల తీరును ఆమె మూడు రకాలుగా చూశారు. అదుపు మాత్రమే ఉన్నవాళ్ళు, అదుపు లేకుండా వదిలేసేవాళ్ళు, గట్టిగా ఉంటూనే పిల్లల మాట వినేవాళ్ళు. 1983లో మకోబీ, మార్టిన్ అనే ఇద్దరు దీన్ని ఇంకొంచెం విడమరిచారు. పిల్లల నుంచి ఎంత ఆశిస్తున్నాం అన్నది ఒక కొలత, వాళ్ళ పట్ల ఎంత ఆప్యాయంగా స్పందిస్తున్నాం అన్నది వేరే కొలత. ఒకటి పెరిగితే రెండోది తగ్గి తీరాలని ఏమీ లేదు. గట్టిగా ఉండటం ఒక్కటే పిల్లల్ని గాయపరచదు. ఆప్యాయత కనిపించని చోట అదే గట్టిదనం గాయమవుతుంది.

హేమంతం గారి నాన్నగారిలో రెండూ నిండుగా ఉన్నాయి. కాకపోతే ఆయన దగ్గర పనిచేసిన కుర్రాళ్ళు రెండూ చూశారు. కొడుకు ఒకటే చూశాడు. మనవడు రెండోదే చూశాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. అందుకే ఒకరి పేజీతో ఇంకొకరి పేజీని సరిచేయాలని చూడకండి.

ఇంకో విషయం. పోయినవాళ్ళను మరిచి ముందుకు సాగిపోవడమే ఆరోగ్యమని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్ 1917 నాటి వ్యాసంలో దుఃఖం చేసే పని పోయిన మనిషి నుంచి మనసును విడదీయడమేనన్న అర్థం వచ్చేలా రాశారు. ఆయన కూతురు సోఫీ 1920లో చనిపోయింది. 1929లో, ఆమె బతికుంటే పుట్టినరోజు అయ్యే నాడు, కొడుకును పోగొట్టుకున్న ఒక మిత్రుడికి ఉత్తరం రాస్తూ, ఆ ఖాళీని ఏదీ పూర్తిగా నింపలేదని, అలా ఉండటమే సరైనదని ఒప్పుకున్నారు. 1990ల్లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ లాంటి పరిశోధకులు పోయినవాళ్ళతో బంధం కొనసాగడం సహజమేనని చెప్పారు. బంధం కొనసాగుతుందంటే అందులో పోట్లాట కూడా కొనసాగుతుంది. మీ అన్నయ్య ఇంకా నాన్నతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ పేజీలు ఆ మాటలే.

రెండో మనవడు

నేను మనవడి వైపు నుంచి చెబుతాను.

మా తాతయ్య నాకు తెలిసినంతలో ప్రపంచంలోకెల్లా ఓపికైన మనిషి. ఒకే ప్రశ్న ఎన్నిసార్లు అడిగినా మొదటిసారి విన్నట్టే వినేవారు. సైకిల్ నేర్పుతూ నా వెనక పరుగెత్తారు, అప్పటికే ఆయనకు మోకాళ్ళ నొప్పులు. అమ్మ మాత్రం ఆయన గదిలోకి వచ్చేటప్పుడు చీర కొంగు సర్దుకుని, గొంతు తగ్గించి వచ్చేది. నాకది మర్యాద అనిపించేది. పెద్దయ్యాక తెలిసింది, అది భయమని.

ఒకసారి ధైర్యం చేసి ఆయన్నే అడిగాను, "అమ్మతో ఎందుకు అలా ఉండేవారు తాతయ్యా?" అని. కోప్పడలేదు. చాలాసేపు ఆలోచించి, "అప్పుడు నాకే భయం ఎక్కువ. రేపు పని ఉంటుందో లేదో తెలీదు. పిల్లలు మెత్తగా పెరిగితే బయట నలిగిపోతారనుకున్నాను. నువ్వు పుట్టేసరికి ఆ భయం పోయింది" అన్నారు. ఇది అమ్మతో చెబితే ఆమె నమ్మలేదు. "ఆయనకు భయమా?" అంది.

తాతలు మారిపోతారని అందరూ అంటారు. నాకైతే మారింది ఆయన బతుకు బరువేనేమో అనిపిస్తుంది. పెంచే బాధ్యత తల మీద లేనప్పుడు మనిషి లోపల ఉన్నది బయటికి వస్తుంది.

హేమంతం గారూ, మీ మేనల్లుడికి వాళ్ళ నాన్న పేజీలు చదివితే తాతయ్య మీద ప్రేమ తగ్గుతుందని భయపడకండి. నాకు తగ్గలేదు. అమ్మ మీద ప్రేమ పెరిగింది.

తూనీగ

రెండో మనవడు రాసింది మా అన్నయ్యకు పంపాను. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

శ్రోత

మనవడి మాటకు చిన్న చేర్పు. 1964లో బెర్నిస్ న్యూగార్టెన్, కరోల్ వైన్‌స్టీన్ 70 జంటల తాతబామ్మలతో మాట్లాడి, వాళ్ళ తీరును ఐదు రకాలుగా రాశారు. పెంపకాన్ని తల్లిదండ్రులకే వదిలేసి హద్దుల్లో ఉండేవాళ్ళు, మనవలతో కలిసి ఆడుకునేవాళ్ళు, తల్లిదండ్రుల స్థానంలో ఉండి పెంచేవాళ్ళు, కుటుంబానికి తెలిసిన విద్యను అందించేవాళ్ళు, పండుగలకు మాత్రం కనిపించే దూరపు మనుషులు. హేమంతం గారి నాన్నగారు మనవడికి వైస్ ముందు నిలబడి విద్య అందించే తాత, ఆటలాడే తాత కూడా. పెంపకం భారం తన మీద పడిన తాతలు మళ్ళీ తండ్రులంత గట్టిగా అయిపోవడం నేను నా పనిలో చూశాను. కాబట్టి బాధ్యతే మనిషిని గట్టిపరుస్తుందన్న మాటలో బలం ఉంది.

వానచినుకు

మా నాన్న కూడా ఇలాంటివారే. పోయి ఏడాది దాటింది. ఆయన్ని తలుచుకుంటే ఏడుపు రాదు, ఒక రకమైన మొద్దుతనం. పని మీద మనసు నిలవదు, నిద్ర లేదు, ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. "ఐదు దశలు దాటాలి, నువ్వు ఇంకా కోపం దశలో ఉన్నావు" అని ఒక ఫ్రెండ్ అంటోంది. దాటడం ఎలా?

శ్రోత

వానచినుకు గారూ, ఆ ఐదు దశల మాట పక్కన పెట్టేయండి. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో ఆ దశలు (నమ్మలేకపోవడం, కోపం, బేరమాడటం, దిగులు, ఒప్పుకోవడం) చెప్పింది చావుకు దగ్గరైన రోగుల్ని గమనించి. వెనక మిగిలినవాళ్ళు వరుసగా దాటాల్సిన మెట్లుగా వాటిని పట్టుకుంటే లేనిపోని దిగులు. 1999లో స్ట్రోబ్, షూట్ అనే పరిశోధకులు చెప్పింది నా అనుభవానికి దగ్గరగా ఉంటుంది. మనిషి ఒక పూట దుఃఖంలోకి, ఒక పూట రోజువారీ పనుల్లోకి అటూ ఇటూ ఊగుతూ ఉంటాడు, ఆ ఊగడమే కోలుకోవడం.

అయితే మీరు చెప్పిన లక్షణాలు ఏడాది దాటినా రోజూ ఉంటే డాక్టర్‌ను కలవాల్సిందే. ఆగకుండా కొనసాగే తీవ్ర దుఃఖాన్ని ఇప్పుడు చికిత్స అవసరమైన స్థితిగా గుర్తించారు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఆరు నెలలు దాటితే అన్నారు, అదే ఏడాది అమెరికా మానసిక వైద్యులు సవరించిన రోగనిర్ధారణ పుస్తకంలో పెద్దవాళ్ళకు ఏడాది అన్నారు. నిద్ర పట్టకపోవడానికి వేరే కారణం ఉన్నా డాక్టరే తేల్చగలరు. కఠినమైన తండ్రి పోయినప్పుడు దుఃఖం మామూలుగా ఏడుపులా రాకపోవడం నేను చాలామందిలో చూశాను. మీకు ప్రేమ లేదని దానర్థం కాదు. ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి, ఇక్కడ వచ్చి చెప్పండి.

వానచినుకు

తీసుకుంటానండి. థాంక్స్.

పాతరేడియో

నేను పుస్తకం పని గురించే చెబుతాను. మా ఇంట్లో మేం చేసి చూసినవే ఇవన్నీ.

ఎవరి పేజీలు వాళ్ళు విడిగా రాయాలి, రాసేదాకా ఒకరిది ఒకరు చూడకూడదు. కేంబ్రిడ్జిలో మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించారు, గుర్తు తెచ్చుకోవడమంటే దాచిన వస్తువును బయటికి తీయడం లాంటిది కాదు, ప్రతిసారీ మళ్ళీ కట్టుకోవడమని. నలుగురు కూర్చుని మాట్లాడుకున్నాక గట్టిగా చెప్పినవాడి జ్ఞాపకమే అందరి జ్ఞాపకమైపోతుంది. హేమంతం గారింట్లో అందరూ విడిగా రాశారు కాబట్టే తండ్రీకొడుకుల పేజీలు రెండూ దక్కాయి. అది మీ అదృష్టం.

పొగడ్తలు తగ్గించి పనులు రాయించండి. "చాలా ఉదారస్వభావం" అన్న వాక్యం ఎవరి తాతకైనా సరిపోతుంది. కిస్తీ కట్టి నోరు మూయించడం మీ నాన్నగారికే సరిపోతుంది. ఆయన మాట్లాడిన మాటలు ఆయన మాట్లాడినట్టే ఉండాలి, తిట్లతో సహా. ఆ హామీ సంతకాల కుర్రాళ్ళను కూడా తలా ఒక పేజీ అడగండి. ఇంటివాళ్ళకు తెలియని నాన్న వాళ్ళ దగ్గర ఉన్నాడు.

ఫోటోల వెనక పెన్నుతో రాయొద్దు, సిరా ఇటువైపు దిగుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా, ఎడమ నుంచి కుడికి ఎవరెవరో రాయండి. ఆయన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఎవరి ఫోన్లలో ఉన్నాయో ఈ రోజే వెతికించండి. ఫోన్ మారిస్తే పోవచ్చు. మూడు కాపీలు చేసి, వాటిని రెండు వేర్వేరు రకాల పరికరాల్లో (కంప్యూటర్, పెన్ డ్రైవ్ లాంటివి) పెట్టి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. ఇది కంప్యూటర్ పనివాళ్ళు పాటించే నియమమే. మా తాతగారి ఫోటోలు బోలెడు ఉన్నాయి. గొంతు మాత్రం ఒక్క క్యాసెట్‌లో, ఎవరినో "తలుపు వెయ్యి" అని కసురుతున్న రెండు క్షణాలు. ఇంటిల్లిపాదీ దాన్నే మళ్ళీ మళ్ళీ వింటాం.

హేమంతం

అందరి మాటలూ చదివాను, కొన్ని అన్నయ్యకు కూడా వినిపించాను. మెరుపుతీగ గారు రాసిన "చేరిందా లేదా" అన్న మాట దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నాడు.

తేల్చుకున్నది ఇది. అన్నయ్య పేజీలు అక్షరం మారకుండా ఉంటాయి. ఎదురు పేజీలో వాడి కొడుకు రాసింది ఉంటుంది. మధ్యలో నా వివరణ ఏమీ ఉండదు. ముందుమాటలో నాన్న గుణగణాలు మానేసి షెడ్డు గురించి రాస్తున్నాను. ఏ మిషన్ ఎక్కడుండేది, పొద్దున్నే వచ్చి మొదట ఏం తుడిచేవారు, ఎవరెవరు పని నేర్చుకుని వెళ్ళారు. షెడ్డులో నేర్చుకున్నవాళ్ళలో నలుగురు రాస్తామన్నారు. ఒకాయన రాయడం రాదని ఫోన్‌లో చెప్పారు, రికార్డు చేసుకున్నాను. ఆయన చెప్పిన దాన్లో మాకు తెలియని సంగతి ఒకటుంది. అన్నయ్య షెడ్డు వదిలేశాక, వాడు అరగదీసిన దిమ్మను నాన్న ఎవరినీ ముట్టుకోనివ్వలేదట. తుక్కు అమ్మినప్పుడల్లా పక్కకు తీసి పెట్టేవారట.

అన్నయ్యకు చెప్పాను. "అయితే ఒక్క మాట అనొచ్చు కదా" అన్నాడు. ఆ మాట కూడా పుస్తకంలో వేయమన్నాడు.

మెరుపుతీగ

మీ అన్నయ్యకు నా నమస్కారాలు చెప్పండి. ఆ మాట వేయించడం చాలా మంచి పని.

కొత్తమేఘం

ఇదంతా ఇప్పుడే చదివాను. మా నాన్నకు ఎనభై దాటాయి, ఇంకా అదే కోపం, అదే బిగువు. నా కూతురితో మాత్రం గంటలు గంటలు కబుర్లు. ఆయన ఉండగానే అడిగి రాసుకోవాలని ఉంది. ఎదురుగా కూర్చుంటే మా ఇద్దరికీ మాటలు రావు. ఎలా మొదలుపెట్టాలండీ?

పాతరేడియో

మీ అమ్మాయిని అడగమనండి, మీరు పక్కన ఏదో పని చేసుకుంటూ వినండి. ఆయన చేతులు పనిలో ఉన్నప్పుడు మాటలు తేలిగ్గా వస్తాయి. ఏడాది తప్పు చెప్పినా సరిదిద్దకండి, ఆ క్షణంలో మాట ఆగిపోతుంది.

శ్రోత

పది నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జరిగినవి వృద్ధులకు ఎక్కువగా గుర్తుంటాయి. చాలా పరిశోధనల్లో తేలిన విషయమిది. కాబట్టి అక్కడి నుంచి అడగండి. మొదటి ఉద్యోగం, మొదటి జీతం, వాళ్ళ నాన్నకు కోపం వచ్చిన రోజు. ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ 20 ప్రశ్నల జాబితా ఒకటి చేశారు. అమ్మానాన్నలు ఎలా కలుసుకున్నారు, తాతబామ్మలు ఎక్కడ పెరిగారు, ఇంట్లో ఎవరు ఏ కష్టం పడ్డారు లాంటివి. వీటికి జవాబులు ఎక్కువగా తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, తమ జీవితం తమ చేతుల్లో ఉందన్న నమ్మకం ఎక్కువగా కనిపించాయి. మీ అమ్మాయికి కూడా మేలే. "ఎందుకంత కోపం" అన్న ప్రశ్న మాత్రం మొదట వద్దు. ఆయనే అక్కడికి వస్తే రానివ్వండి.

రెండో మనవడు

మేం నడుస్తూ మాట్లాడుకునేవాళ్ళం. ఎదురెదురుగా కూర్చోవడం కంటే అదే తేలిక.

కొత్తమేఘం

సాయంత్రం ఆయన నడకకు వెళ్తారు. ఆదివారం నేనూ అమ్మాయీ వెంట వెళ్తాం. మొదటి జీతం తెచ్చి ఎవరి చేతిలో పెట్టారని అమ్మాయితో అడిగిస్తాను. ఏం చెప్పారో ఇక్కడ రాస్తాను.